తరుగు

తారకయ్య గారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు దొరకదు, పని దొరుకుతుంది. వాగు ఒడ్డున రేకుల కప్పు కింద నడిచే ఆ చిన్న ఆశ్రమంలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆత్మ అంటే ఏమిటని అడిగినవాడు బావిలో దిగి పూడిక తీశాడు. మోక్షం ఎప్పుడని అడిగినవాడు గొడ్లపాకలో పేడ ఎత్తాడు. అయినా అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. మనిషికి నోటి దురద ఒక పట్టాన పోయేది కాదు.

శేషాచలం మాస్టారు అడిగింది ఆత్మ గురించి కాదు. ఆయన హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పి చెప్పి రిటైరైన మనిషి. ఓటు ఎంత విలువైనదో తన దగ్గర చదువుకున్న పిల్లలే పెద్దవాళ్లయి దాన్ని ఎంతకు అమ్ముకుంటున్నారో చూసి, మనసు విరిగి ఆశ్రమానికి చేరాడు. విరిగినా ఆశ మాత్రం చావలేదు. ఒక సాయంత్రం గురువుగారి పక్కన చేరి, "గురువుగారూ, జనానికి ఎవరి మీదా నమ్మకం లేకుండా పోయింది. అందరూ తినేవాళ్లే అంటున్నారు. అంతమంది మధ్య తినని మనిషి ఒక్కడు వచ్చి నిలబడితే, జనం పోల్చుకోలేరా?" అని అడిగాడు.

తారకయ్య గారు చేటలో జొన్నలు పోసుకుని రాళ్లు ఏరుతున్నారు. ఆ పని ఆపకుండానే, "కోటిలింగాన్ని ప్రెసిడెంటుగా నిలబడమన్నది నువ్వేనట గదా?" అన్నారు.

"నేనేనండీ."

"అయితే ఈ జొన్నలు పట్టుకుపో. ఎన్నికలయ్యాక పిండి తీసుకుని రా. నిలబెట్టినవాడివి, పక్కన నిలబడు."

కోటిలింగానిది వాగు దాటగానే వచ్చే రేగడిపాలెం. అక్కడ అతనికి పిండిమర ఉంది. మర దగ్గర తరుగు అని ఒక మాట చెబుతారు. గింజ పిండి అయ్యేటప్పుడు రాళ్ల సందున కొంత, గాలిలో కొంత పోతుంది. పోయినదాని పేరు చెప్పి మరవాళ్లు ఇంకొంత పోగొడతారు. చుట్టుపక్కల ఏ మరకైనా ఆ పేరుంది, కోటిలింగం మరకు లేదు. అతను ప్రతి మూటకూ మర ఆపి, చిన్న చీపురుతో రాళ్ల సందులు ఊడ్చి, ఆ చిటికెడు పిండి కూడా ఎవరి మూటలో వాళ్లకు వేసేవాడు. అందుకని ఆడవాళ్లు పొద్దున్నే మూటలు అతని అరుగు మీద పడేసి పొలాలకు పోయేవాళ్లు, సాయంత్రం వచ్చి పిండి ఎత్తుకుపోయేవాళ్లు. ఎవరూ తూచి ఇచ్చింది లేదు, తూచి తీసుకున్నదీ లేదు. కోటిలింగానికి ఆస్తి అంటూ ఉంటే ఇదే. ఇంతటి మనిషి ఓట్లకు నిలబడితే ఊరు బాగుపడుతుందని శేషాచలానికి అనిపించిందంటే, అందులో ఆయన తప్పేమీ లేదు.

శేషాచలం చేరేసరికి ప్రచారం సాగుతోంది. కోటిలింగం ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెబుతున్నాడు: "నేను రూపాయి పంచను. గెలిస్తే రూపాయి తినను." జనం తలలూపుతున్నారు. ఎదురింటి ఆదెమ్మయితే గడ్డం పట్టుకుని మరీ, "నీకు గాక ఇంకెవరికేస్తానయ్యా? నేను కాపరానికి వచ్చిన కాడ్నించీ నీ మర పిండే గదా తినేది" అంది. శేషాచలం కడుపు నిండిపోయింది. తెచ్చిన జొన్నల సంగతి మరిచిపోయి, అవి మరలో ఒక మూల పడేసి, కోటిలింగం వెంట కరపత్రాలు పట్టుకుని తిరిగాడు.

పోలింగు దగ్గరపడ్డాక ఒక సాయంత్రం పాత ప్రెసిడెంటు మనుషులు గడప గడపకూ వచ్చి నోట్లు పంచి వెళ్లారు. ఇచ్చినవాడు సిగ్గుపడలేదు, పుచ్చుకున్నవాడూ సిగ్గుపడలేదు. రేషను బియ్యం తెచ్చుకున్నంత మామూలుగా జరిగిపోయింది. తెల్లవారి మరకు వచ్చిన మొదటి మనిషి మూట దించుతూ, "ఆళ్లది అందింది. మరి నీదెప్పుడయ్యా, కోటిలింగం?" అన్నాడు.

"నాది లేదు గదా. ముందే చెప్పా."

ఆ మనిషి నవ్వి కన్ను గీటాడు. "చెప్పేదానికేం, అందరూ చెబుతారు."

కోటిలింగం కూడా నవ్వాడు. నవ్వాల్సిన మాట కాదని అప్పటికి అతనికి తెలియదు.

పొద్దెక్కేకొద్దీ టీ బంకు దగ్గర లెక్క తేలుస్తున్నారు. ఈ కాలంలో డబ్బు లేకుండా ఎవడైనా నిలబడతాడా? నిలబడడు. నిలబడ్డాడంటే వెనక ఎవరో పెద్దాయన ఉండే ఉంటాడు. ఉంటే సంచి పంపే ఉంటాడు. పంపితే అది మనకు అందాలి గదా, అందలేదేం? శేషాచలం అక్కడే టీ గ్లాసు పట్టుకుని కూర్చుని అంతా విన్నాడు. పౌరశాస్త్రం చెప్పిన ఆయనకు ఆ తర్కంలో ఎక్కడా బొక్క కనిపించలేదు. వాళ్లు ఇన్నేళ్లుగా చూసిందంతా ఆ లెక్కకు సరిపోయింది. ఎవరైనా గిట్టనివాడు పుట్టించిన పుకారైనా బాగుండేది. పాత ప్రెసిడెంటు ఆ సమయంలో ఇంట్లో హాయిగా గురక పెడుతున్నాడు.

మధ్యాహ్నానికి మర ముందు జనం చేరారు. అందరికంటే ముందు ఆదెమ్మ ఉంది.

"అయ్యా కోటిలింగం, మాకు రావాల్సింది మాకిచ్చెయ్యి. మంచోడివని ఇన్నాళ్లూ నెత్తిన పెట్టుకున్నాం."

"ఎవరిచ్చారు పిన్నీ నాకు, మీకిచ్చేదానికి? నా మీద ఒట్టు, మరమీద ఒట్టు, నేను ఎవరి దగ్గరా పైసా తీసుకోలా."

"ఇప్పుడు భుజాలెందుకు తడుముకోవటం?" అన్నారు వెనకనుంచి ఎవరో. జనం గొల్లుమన్నారు.

శేషాచలం ఉండబట్టలేక అరుగెక్కాడు. "నేను సాక్షిని. ఆశ్రమం నుంచి వచ్చాను, నాకు ఈ ఎన్నికలతో లాభం లేదు. ఈ మనిషికి ఎవరూ..." అనేలోపు, ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడే ఒకడు, "మాస్టారికి ఎంత ముట్టిందంట?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందులో వెటకారం కూడా లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగినట్టున్నాడు. శేషాచలం అరుగు దిగాడు. జీవితమంతా ఎవరి నమ్మకం కోసం నల్లబల్ల ముందు గొంతు చించుకున్నాడో, ఆ నమ్మకం చచ్చి చాలాకాలమైందనీ, తాను శవానికి పాఠం చెబుతూ వచ్చాననీ ఆయనకు ఆ క్షణంలో అనిపించింది.

అప్పుడు ఆదెమ్మ ఒక పని చేసింది. అరుగు మీద పొద్దున తాను పడేసి వెళ్లిన జొన్నల మూట ఎత్తి నెత్తిన పెట్టుకుంది. "వాగవతల మరలో పట్టించుకుంటాలే" అని వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇంకొకరు, ఆ వెనకే ఇంకొకరు. కాసేపటికి అరుగు ఖాళీ అయింది. తిట్లకు చలించని కోటిలింగం ఆ ఖాళీ అరుగు చూసి కూలబడ్డాడు.

అతని భార్య సామ్రాజ్యం లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "వద్దని అప్పుడే మొత్తుకున్నా. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారయ్యా" అంది.

"ఓడిపోతే పోయా మాస్టారూ, ఓడిపోవటానికి నేనెప్పుడో సిద్ధం" అన్నాడు కోటిలింగం. "దొంగ అనిపించుకుని ఈ వీధిలో ఎట్టా బతకను? కారం మిషను అమ్మేస్తా. అమ్మి వీళ్ల మొహాన కొడతా."

శేషాచలం అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "వద్దు నాయనా. ఇస్తే తిన్న మాట నిజమే అనుకుంటారు."

"ఇవ్వకపోయినా అనుకుంటున్నారు గదా."

మాస్టారు అతని చేతులు వదిలేశాడు. మిరపకాయలు ఆడించే ఆ మిషను కోటిలింగం కిందటేడే ముచ్చటపడి కొనుక్కున్నాడు. పక్క ఊరి మనిషి ట్రాక్టరు తెచ్చి, సగం ధరకు దాన్ని ఎత్తించుకుపోయాడు. పొద్దు కుంకకముందే కోటిలింగం గడప గడపకూ తిరిగి, పాత ప్రెసిడెంటు ఇచ్చినంత తానూ ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ ఏడ్చాడు. నిజాయితీపరుడినని చెప్పుకోవడానికి లంచం ఇస్తున్న మనిషిని శేషాచలం ఆ రోజు కళ్లారా చూశాడు.

ఆదెమ్మ నోటు కొంగున ముడేసుకుని, "ఇదేదో ముందే ఇచ్చుంటే ఇంత రచ్చ అయ్యేదా నా తండ్రీ?" అని అతని తల నిమిరింది. ప్రేమగానే నిమిరింది. కోటిలింగం, మాస్టారు నాలుగిళ్లు దాటాక మాత్రం వెనక అరుగు మీద మాట వినిపించింది: "చూశావా, నిలదీసేసరికి కక్కాడు. కక్కింది ఇంతయితే మింగింది ఎంతో!"

కోటిలింగం గెలిచాడు. అంతా ఇంతా కాదు, పాత ప్రెసిడెంటుకు కళ్లు తిరిగేటంత గెలిచాడు. డప్పులు మోగాయి, రంగులు చల్లారు, భుజాల మీద ఊరంతా తిప్పారు. ఆ భుజాల మీద అతను బొమ్మలా కూర్చున్నాడు. శేషాచలానికి ఆ ఊరేగింపు చూస్తే పెళ్లిలా లేదు, ఇంకొకటి ఏదోలా ఉంది. ఆ మాట అనడానికి ఇష్టంలేక ఆయన పక్కకు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున మర మళ్లీ మొదలైంది. ఆదెమ్మ మూట తెచ్చింది. పడేసి పోలేదు, అరుగు మీద చతికిలబడింది.

"పొలానికి పోలా పిన్నీ?" అన్నాడు కోటిలింగం.

"ఉంటాలే అయ్యా. పిండి పట్టుకునే పోతా."

ఆ తర్వాత వచ్చినవాళ్లూ కూర్చున్నారు. ఒకడు చేతిలో స్ప్రింగు కాటా పట్టుకొచ్చాడు. వాడు తన మూట తూచుకుని, అడిగినవాళ్లందరివీ తూచిపెట్టాడు. కోటిలింగం అలవాటు చొప్పున మర ఆపి, చీపురుతో రాళ్ల సందులు ఊడ్చి, ఆ చిటికెడు పిండి ఆదెమ్మ మూటలో వేశాడు. ఆదెమ్మ పిండిని చూడలేదు. అతని చేతినే చూస్తూ కూర్చుంది. కనురెప్పల మీద పిండి పడి తెల్లబడ్డ కోటిలింగం మొహం ఒక్కపూటలో ముసలిదైపోయినట్టుంది. శేషాచలం ఆ మొహం వైపు ఎక్కువసేపు చూడలేకపోయాడు.

కాసేపటికి మోటారుసైకిలు మీద ఒక పెద్దమనిషి వచ్చాడు. ఊళ్లో సిమెంటు రోడ్లు వేసే కాంట్రాక్టరు. కొత్త ప్రెసిడెంటు మెడలో దండ వేసి, బల్ల మీద కూర్చుని, మర అంతా కలయజూశాడు. కారం మిషను ఉండిన చోట నేల మీద ఎర్రటి మరక మిగిలి ఉంది.

"పాపం, మంచి మిషనంట గదా" అన్నాడు. "ఇప్పుడు కొత్తది ఎంతలో వస్తుందంటారు?"

శేషాచలం కోటిలింగం జవాబు కోసం చూశాడు. అతను కాంట్రాక్టరును పొమ్మనలేదు, ధరా చెప్పలేదు. భుజం మీది తువ్వాలు తీసి, కాంట్రాక్టరు కూర్చున్న బల్ల మీద పిండి తుడిచాడు. తరవాత, మూలన పడి ఉన్న ఆశ్రమం జొన్నలు తీసుకుని మరలో పోశాడు.

పిండి మూట భుజాన వేసుకుని శేషాచలం వాగు దాటాడు. దారి పొడుగునా గురువుగారికి ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటూ నడిచాడు. తప్పు జనానిదే అని చెప్పాలనుకున్నాడు. లోకమంతా అపనమ్మకంలో మునిగినా, కోటిలింగం ఒక్క పైసా తినలేదనడానికి తాను ఒక్కడైనా సాక్షిగా మిగిలానని చెప్పాలనుకున్నాడు. ఆ మాట తలుచుకుంటే దుఃఖంలోనూ కొంచెం ధైర్యంగా అనిపించింది. మధ్యలో ఒకసారి మూట ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకున్నాడు. మరి కాస్త దూరం పోయాక ఇంకోసారి మార్చుకున్నాడు.

ఆశ్రమం చేరేసరికి వంటపాకలో ఎవరూ లేరు. సంతలో కొన్న జొన్నలు, చింతపండు, కందిపప్పు తూచుకునే కాటా ఒకటి అక్కడ దూలానికి వేలాడుతూ ఉంటుంది. కోటిలింగం మర నుంచి వచ్చిన పిండి ఏనాడూ దానికి ఎక్కలేదు. శేషాచలం మూట దించబోయి ఆగాడు. అటూ ఇటూ చూశాడు. మూట ముడిని కాటా కొక్కేనికి తగిలించి, ముల్లు ఊగడం ఆగేదాకా నిలబడ్డాడు.

తారకయ్య గారు ఎప్పుడొచ్చారో గుమ్మంలో ఉన్నారు. చేతిలో చేట అలాగే ఉంది.

"తరుగు ఎంత పోయింది, నాయనా?" అని అడిగారు.