ద్రాక్షతీగకు చక్కిలిగింతలు

ఒకప్పుడు ద్రాక్షతీగకు చేతుల్లేవు. ఉన్నవన్నీ గుత్తులే! ప్రతి ఆకుకూ ఎదురుగా ఒక గుత్తి. పెట్టెలో ఉన్న నగలన్నీ ఒకేసారి దిగేసుకున్న పెళ్ళికూతురిలా ఉండేది. ఏం లాభం? పట్టుకోడానికి చెయ్యి లేక నేలమీదే పడి ఉండేది.

చేతుల్లేకపోతే పోనీ అనుకుంటే, దానికి చక్కిలిగింతలు ఎక్కువ. అసలు తంటా అదీ!

చీమ నడిస్తే కిసుక్కు. చినుకు పడితే కిలకిల. సీతాకోకచిలుక దూరంగా ఎగిరిపోతున్నా సరే, "అమ్మో, నా మీద వాలుదామనుకుంది!" అని ముందే నవ్వేసేది.

ఈ తీగ చిన్నెక్కవ్వ పెరట్లో ఉండేది. అవ్వ దానికోసం వెదురు గడలతో చక్కటి పందిరి వేసింది. అవ్వకు ఒకటే ఆశ. పందిరి నీడలో నులకమంచం వాల్చుకుని, నోరు తెరిస్తే చాలు, పండు వచ్చి పడాలి. ఎలా ఉంటుందో చూద్దామని ఖాళీ పందిరి కింద ఒకసారి నోరు తెరుచుకుని పడుకుంది కూడా. ఏం పడిందో కాకినడగండి.

రోజూ పొద్దున్నే అవ్వ అరటినార తడిపి తెచ్చేది. తీగను మెల్లగా లేపి గడకు ఆనించేది.

"కదలొద్దు మే. ఒక్క ముడి."

అవ్వ వేలు తగిలిందో లేదో, "వద్దవ్వా! కిహికిహి! అక్కడొద్దవ్వా! అయ్యో, అక్కడసలే వద్దవ్వా!" అని తీగ జరజరా జారి ధబ్బుమని కిందపడేది. పళ్ళన్నీ దొర్లేవి. కోళ్ళు పరుగున వచ్చి మెక్కేవి. అవ్వ కోళ్ళు పెట్టే గుడ్లు తియ్యగా ఉంటాయని ఊళ్ళో పుకారు.

ఇలా ఏడు రోజులు గడిచాయి. ఎనిమిదో పొద్దున అవ్వ నార తేలేదు. కొంగుముడి విప్పి, అరచేతిలో నల్లటి గింజలు చూపించింది.

"ఇవేందో తెలుసునా? బీరగింజలు. సాయంత్రం ఒకే ఒక్కసారి కడతా. నిలిచినావా, సరే. పడినావా, నిన్ను పెరికి ఇదే గుంతలో వీటిని పెడతా. బీరతీగ ఇట్ల కిలకిలా నగదు. చెప్పినట్టు పాకుతాది."

ద్రాక్షతీగ పుట్టాక మొదటిసారి నవ్వలేదు. సరే, కొంచెం నవ్వింది. చీమ ఉంది మరి.

మధ్యాహ్నం గోరింక వచ్చింది. తీగ బీరగింజల సంగతంతా చెప్పి బతిమాలుకుంది. "అక్కా, అవ్వ ముడి వేసేటప్పుడు నాకు నవ్వు రాకుండా ఏదైనా ఏడుపు కథ చెప్పవా? ఇప్పుడే ఒకటి చెప్పు, అలవాటు చేసుకుంటా."

"ఏడుపు కథలా? మా ఇంటినిండా అవే," అంది గోరింక. "కథకు మాత్రం ఒక గుత్తి తింటాను."

"తిను."

"మాకొక మామ ఉండేవాడు, పాపం."

"ఊఁ," అంది తీగ, ఏడవడానికి సిద్ధమై.

"మజ్జిగ కుండలో పడ్డాడు."

"అయ్యో!"

"తెల్లగా తేలాడు. ఇంటికెళ్తే మా అత్త గుర్తుపట్టలేదు. ఎవరో కొంగగారొచ్చారని పీట వేసి, చేపలు వడ్డించి, 'మా ఆయన ఇంట్లో లేడండీ, ఉన్నా దండగే' అంది!"

ఇక చూడాలి! తీగ పడీపడీ నవ్వింది. ఇంకో వంద పళ్ళు రాలాయి.

ఈలోగా గోరింక గుత్తి మొత్తం ఊడ్చేసింది. ఖాళీ కాడ మిగిలింది. తిన్న ముక్కు తుడుచుకోవాలిగా? ఆ కాడకే రాసింది. అటొకసారి, ఇటొకసారి.

అంతే! కాడకు చక్కిలిగింత పుట్టింది. పళ్ళ బరువు లేదేమో, నవ్వి నవ్వి గిర్రున మెలికలు తిరిగింది. తిరిగి తిరిగి గోరింక కాలికి చుట్టుకుంది.

"నా కాలు! వదులు!"

"నేను పట్టుకోలేదక్కా, నవ్వుతున్నా!"

"అయితే నవ్వాపు!"

"ఆగట్లేదు! కిహికిహి!"

"బీరగింజలు!" అని అరిచింది గోరింక.

తీగకు నవ్వు ఠక్కున ఆగింది. కాడ వదులైంది. గోరింక ఎగిరి గోడమీద కూర్చుని కాలు చూసుకుంది.

తీగ మాత్రం ఆ కాడనే చూస్తూ ఉండిపోయింది. "అక్కా, నన్ను పడేసే నవ్వే నిన్ను పట్టేసింది! పళ్ళు లేని కాడ ఉంటే నాకు చెయ్యి ఉన్నట్టే!"

కానీ చెయ్యి కావాలంటే గుత్తి పోవాలి. ఒక్కో గుత్తినీ చూసుకుంది. ఇది అన్నిటికన్నా తీపి. ఇది అందమైనది. ఇది నిన్ననే రంగు తిరిగింది. అన్నీ ఇచ్చేస్తే అవ్వ నోట్లో ఏం పడుతుంది? ఏదీ ఇవ్వకపోతే తనే ఉండదు.

"కింది గుత్తులు అవ్వకు," అంది చివరికి, కళ్ళు మూసుకుని. "పైవన్నీ మీకు. మీవాళ్ళను పిలువు."

పిలవడమేమిటి, గోడవతలే ఉన్నారు! గోరింకల గుంపు వచ్చి వాలింది. తిని తిని, ఎగరలేక, బారులు తీరి నడిచి ఇంటికెళ్ళాయి.

సాయంత్రం అవ్వ వచ్చింది. ఒక చేతిలో నార, ఇంకో చేతిలో పలుగు.

"ఏమ్మే, గుత్తులేవీ?"

"ముందు కట్టవ్వా!"

అవ్వ తీగను లేపి పందిరికి ఆనించి ముడి వేసింది. వేలు తగిలింది. తీగ పగలబడి నవ్వింది. పైనున్న కాడలన్నీ గిర్రున తిరిగి వెదురు గడలకు చుట్టుకున్నాయి!

అప్పుడే వచ్చాడు గాలిమామ. చక్కిలిగింతలు పెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆకుల కింద గిల్లాడు. కాడల సందున ఊదాడు. అవ్వ వేసిన ముడి ఊడిపోయింది. నార ఎగిరి కోడి నెత్తిన తలపాగాలా పడింది.

తీగ మాత్రం పడలేదు. ఆయన గిల్లేకొద్దీ అది నవ్వింది, నవ్వేకొద్దీ మెలిక బిగిసింది.

"పడవేమే?" అన్నాడు గాలిమామ రొప్పుతూ.

"ఇంకొంచెం గిల్లు మామా! ఆ పక్కన వదులుగా ఉంది!"

అవ్వ పలుగు పక్కన పడేసింది. నులకమంచం వాల్చుకుని నోరు తెరిచింది. టప్! పండు తిన్నగా నాలుక మీద పడింది. పొద్దున పట్టిన పంతం మరిచిపోయి అవ్వ కూడా నగింది. బీరగింజలంటారా? కంచె పక్కన పెట్టుకుంది. బీరకాయ పచ్చడి ఎవరికి చేదు?

అప్పటినుంచే ద్రాక్షతీగకు కొన్ని ఆకుల ఎదుట గుత్తులు, కొన్ని ఆకుల ఎదుట పళ్ళులేని ఒట్టి కాడలు, అవే నులితీగలు. లేత నులితీగను వేలితో నిమిరి, కాసేపాగి చూడండి, నవ్వాపుకోలేక మెలిక తిరిగిపోతూ ఉంటుంది. అక్కడక్కడా నులితీగ చివర రెండో మూడో పళ్ళు కనిపిస్తాయే, అవి మాత్రం ఆనాడు కడుపు నిండి గోరింకలు వదిలేసినవి.