నలభై ఒకటో పేరు

అప్పలసూరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరు నెలలు కూర్చుని రాసిన కథ అది. ఎనిమిది పేజీలు. దాని ప్రాణమంతా ఎనిమిదో పేజీలోనే ఉంది. మూడో పేజీ తిప్పుతుండగానే వ్యాఖ్యాత వచ్చి, 'సమయం' అని రాసిన చీటీ ఒకటి ఆ కాగితాల మీదే పెట్టి పోయాడు.

మనిషన్నవాడు చేసే పనేనా అది?

పేరుకి అది స్థానిక రచయితల పండగ. సాలూరు చుట్టుపక్కల పాతిక ఊళ్ళలో గోడలకి కాగితాలు అంటించారు. కొత్తగా కలం పట్టినవాళ్ళు రావాలి, ఉన్న ఊళ్ళోనే ఉండి రాసుకుంటున్నవాళ్ళు రావాలి, ఈ పండగ మీదే అన్నారు. నిజమే కాబోలనుకుని నలభై ఒక్కమంది పేర్లిచ్చారు. ఒక్కొక్కరికి పది నిమిషాలని మాట కూడా ఇచ్చారు.

తీరా చూస్తే, తొమ్మిదింటికి మొదలవ్వాల్సిన సభ ముఖ్య అతిథి కోసం పదకొండున్నర దాకా ఆగింది. ఆయన వచ్చాక దీపం వెలిగించడం, దానికి ఫొటో. ఫ్యాను గాలికి దీపం ఆరిపోతే మళ్ళీ వెలిగించడం, దానికీ ఫొటో. తర్వాత పద్నాలుగు శాలువాలు. ఆ పద్నాలుగు మందిలో ఒక కథో కవితో రాసినవాడు ఒక్కడుంటే ఒట్టు. మైకు ముందుకొచ్చిన ఐదుగురూ సమయం తక్కువగా ఉంది కాబట్టి రెండే ముక్కలు చెబుతామని మొదలుపెట్టి, తమ చిన్నతనం నుంచి చెప్పుకొచ్చారు. భోజనాలయ్యేసరికి మూడు గంటలైంది. అప్పుడు గుర్తొచ్చారు స్థానిక రచయితలు. పది నిమిషాలన్నది మూడు నిమిషాలైంది.

అప్పలసూరి పేరు జాబితాలో నలభయ్యోది. అతనికి ముందు ముప్పై తొమ్మిది మంది చదివారు. ఏం చదివారో అతనికి తెలీదు. ఆ సేపంతా అతను బయట టీ కొట్టు దగ్గర నిలబడి, ఈ రోజుల్లో రచయిత గోడు వినే దిక్కే లేకుండా పోయిందని దొరికినవాడికల్లా చెబుతున్నాడు. విన్నవాళ్ళూ అవునంటే అవునన్నారు. తమ వంతు రాగానే లోపలికెళ్ళి, తమది చదివేసి, సర్టిఫికెట్టు పుచ్చుకుని ఫొటో దిగి, చక్కా బస్సెక్కారు.

అతని వంతు వచ్చేసరికి మూడొందల కుర్చీల్లో ఇద్దరున్నారు. మూడో వరసలో అతని గురువు దాలినాయుడు మేష్టారు. తలుపు పక్కన, చిట్టచివరి కుర్చీలో ఎవరో ఆడమనిషి.

అప్పలసూరి మొదటి చీటీని పక్కకి తోసేసి ఐదో పేజీ దాకా లాక్కుపోయాడు. రెండో చీటీ వచ్చింది. ఇక ఆగలేకపోయాడు. కథ ఆపేసి మైకులోనే కడిగిపారేశాడు. శాలువాలకి రెండు గంటలు దొరికాయి, రాసేవాడికి మూడు నిమిషాలా అన్నాడు. మమ్మల్ని పిలిచింది కుర్చీలు నింపడానికా అన్నాడు. అన్నవన్నీ నిజాలే. పావుగంటసేపు అన్నీ నిజాలే చెప్పాడు. వ్యాఖ్యాత మొహం మాడ్చుకుని మైకు లాక్కున్నాడు, ఇంతటితో సభ సమాప్తమన్నాడు. మైకు కట్టేశారు. వేదిక మీద ఫ్యాను కూడా కట్టేశారు.

అప్పలసూరి ధుమధుమలాడుతూ దిగొచ్చి, ఇక్కడింక ఒక్క క్షణం ఉండటానికి లేదు, బస్సుకి పోదాం రమ్మన్నాడు మేష్టార్ని. ఆయన లేవలేదు.

"కూర్చో," అన్నారు.

దాలినాయుడు మేష్టారు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రాసిన పుస్తకాలు రెండే. ఆయన దగ్గరికి కథ పట్టుకెళితే తప్పులు దిద్దరు, సలహాలివ్వరు. చేట నిండా బియ్యం పోసుకుని రాళ్ళేరుకుంటూ, చదవరా అంటారు. ఎదుటివాడు చదువుతున్నంతసేపూ ఆయన వేళ్ళు బియ్యంలో తిరుగుతూనే ఉంటాయి. కథ పట్టుకున్న చోట ఆ వేళ్ళు ఆగుతాయి. అంతే. బాగుందని గానీ బాగాలేదని గానీ ఆయన నోటివెంట ఎవరూ వినలేదు.

అప్పలసూరి ఆరేళ్ళుగా రాస్తున్నది ఆ వేళ్ళు ఆగడం కోసమే. ఈ కథకి ఒకే ఒక్క చోట ఆగాయి. ఎనిమిదో పేజీలో. సరిగ్గా అక్కడిదాకా వెళ్ళనివ్వకుండా చేశారు ఈ దౌర్భాగ్యులు.

కూర్చోమన్నారు కాబట్టి కూర్చున్నాడు గానీ ఊరుకోలేదు. సంచీలోంచి తెల్లకాగితం తీసి, ఒళ్ళో అట్ట పెట్టుకుని, ఉత్తరం మొదలుపెట్టాడు. ఒకటి కమిటీకి, నకలు పత్రికలకి. నన్ను పిలిచి నన్ను అవమానించారని మొదటి వాక్యం. నా ఆరు నెలల శ్రమ అని రెండోది. నా కథ అని మూడోది. కాగితం చిరిగేలా రాస్తున్నాడు. మీరు కూడా సంతకం పెట్టాలి మేష్టారూ అన్నాడు తలెత్తకుండానే.

"రాయి, చూద్దాం," అన్నారాయన.

ఈలోగా టెంటుహౌసు వాళ్ళు వచ్చి వెనక వరసల్నుంచి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చడం మొదలుపెట్టారు. ఆ దడదడల మధ్య ఉత్సవ కమిటీ కార్యదర్శి చేతిలో శాలువాతో పరుగులాంటి నడకతో వచ్చాడు. మేష్టారి పేరు ముందే రాసుకున్నామనీ, హడావిడిలో మర్చిపోయామనీ, అదృష్టం కొద్దీ ఒక శాలువా మిగిలిందనీ, ఇలా వచ్చి నిలబడితే ఫొటోగ్రాఫరు ఇంకా గేటు దాటలేదనీ చెప్పాడు. మిగిలిన శాలువాతో మనిషిని గౌరవిద్దామని వచ్చినవాడి మొహంలో సిగ్గనేది ఇసుమంతైనా లేదు.

మేష్టారు శాలువా వైపు చూడలేదు.

"నలభై ఒకటో పేరు పిలవలేదు బాబూ," అన్నారు.

కార్యదర్శికి అర్థం కాలేదు. జేబులోంచి జాబితా తీసి చూసుకున్నాడు. చూసుకుని తలుపు వైపు ఒకసారి తిరిగాడు.

"ఆవిడా? ఆవిడ టైమంతా మీ శిష్యుడే తినేశాడు కదండీ. వచ్చే ఏడు మొట్టమొదట ఆవిణ్ణే పిలుద్దాం లెండి."

ఆ మాట అప్పలసూరి చెవిన పడింది. చెంప మీద కొట్టినట్టే పడింది. పడితే ఏం చేశాడు? కార్యదర్శి పొగరు అనే పేరుతో దాన్ని కూడా ఉత్తరంలోకి ఎక్కించాడు.

మేష్టారు లేచారు. శాలువా కప్పించుకోవడానికే లేచారనుకుని కార్యదర్శి దాన్ని విప్పి పట్టుకున్నాడు. ఉక్కగా ఉంది బాబూ అని ఆయన పక్కనుంచి నడిచి, కుర్చీల మధ్యనుంచి తలుపు దాకా వెళ్ళారు. కార్యదర్శి శాలువాని మళ్ళీ మడత పెట్టుకుని, ఫొటోగ్రాఫరు వెళ్ళిపోకుండా గేటు వైపు పరుగెత్తాడు.

తలుపు దగ్గరి మనిషికి నలభై ఐదేళ్ళుంటాయి. ముతక చీర, చేతిలో ఒక నోటుబుక్కు. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచీ ఆ కుర్చీలోనే ఉంది. మేష్టారు ఏదో అడిగారు. ఆమె లేచి నిలబడింది.

"పిలుస్తారేమోనని కూకున్నాను బాబూ. ఇప్పుడు కుర్సీలు తీసేస్తన్నారు. ఎలిపోతాను."

"చదివేసి వెళ్ళమ్మా."

"మైకు నేదు కదా."

"ఉన్నది ఇద్దరమే. మైకెందుకు తల్లీ?"

ఆయనే ఆమె కూర్చున్న కుర్చీని ఎత్తుకుని ముందుకి తెచ్చారు. ఆమె కంగారుపడి, నా చేతికివ్వండి బాబూ అంటూ వెనకే వచ్చింది. కుర్చీని అప్పలసూరికి ఎదురుగా నాలుగడుగుల దూరంలో వేశారు. ఆమె కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, పేరు చెప్పుకుంది. గొర్లె పారమ్మ. మక్కువ దగ్గర ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పొద్దుటి కూర వండేసి, మిగతా వంటకి వదినని ఒప్పించి వచ్చింది. పిల్లలు ఏడాది చివర పారేసిన నోటుబుక్కుల్లో మిగిలిన పేజీలు చింపి, కుట్టి, అందులో రాసుకుంది.

అప్పలసూరి తలెత్తలేదు. అతని ఉత్తరం రెండో పేజీలోకి వెళ్ళింది. వెనక కుర్చీలు దడదడమంటున్నాయి. ఆ చప్పుడులోనే పారమ్మ చదవడం మొదలుపెట్టింది.

ఆమె గొంతు మొదట వినపడలేదు. ఏదో ఆదివారం సంగతి. ఆదివారం హాస్టలుకి తల్లిదండ్రులు వస్తారు. గేటు దగ్గర వాచ్‌మెన్ ఇంటిపేరుతో సహా కేక వేస్తాడు. ఆ పేరుగల పిల్ల ఎక్కడున్నా పరుగెత్తుకెళుతుంది. మండంగి సుశీల అని ఐదో తరగతి పిల్ల ఒకతె ఉంది. వాళ్ళది పై కొండ మీది ఊరు. అక్కణ్ణుంచి దిగి రావాలంటే రెండు పూటలు నడవాలి. దిగి రావడానికి ఇంట్లో ఉన్నది ముసలి తాత ఒక్కడే. ఆ పిల్ల ప్రతి ఆదివారమూ తల దువ్వుకుని, రిబ్బను కట్టుకుని, వంటింటి మెట్టు మీద కూర్చుంటుంది. అందరి పేర్లూ వింటుంది. మధ్యాహ్నం గంట కొట్టాక రిబ్బను విప్పేసుకుంటుంది.

ఒక ఆదివారం ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి పారమ్మ కొంగు పట్టుకుంది.

"పెద్దమ్మా, ఒక్కసారి నా పేరు పిలవ్వా?"

ఎవులొచ్చినారే అని అడిగింది పారమ్మ.

"ఎవులూ రాకపోయినా పర్నేదు. పేరు పిలిస్తే సాలు."

పారమ్మ పేజీ తిప్పింది. తను పొయ్యి మీద పప్పు వదిలేసి, వెనక దారిన చుట్టూ తిరిగి గేటు దగ్గరికి వెళ్ళిందట. వాచ్‌మెన్‌ని పక్కకి జరగమని, గొంతు పగిలేలా మండంగి సుశీలా అని కేక వేసిందట. ఆ పిల్ల వంటింటి మెట్టు మీంచి లేచి, రిబ్బను ఎగురుతుండగా, వచ్చిన తల్లుల్నీ తండ్రుల్నీ అందర్నీ తోసుకుంటూ గేటు దాకా పరుగెత్తుకొచ్చి, గేటు ఊచలు పట్టుకుని రొప్పుతూ నిలబడిందట.

"తర్వాత ఇద్దరం వంటింట్లోకి ఎలిపోనాం," అని చదివింది పారమ్మ. "పప్పు అడుగంటిపోనాది."

నోటుబుక్కు మూసేసింది. అంతే బాబూ అంది.

కుర్చీల దడదడ వినపడటం లేదు. అప్పలసూరి అప్పుడు గమనించాడు. టెంటుహౌసు వాళ్ళిద్దరూ చెరొక కుర్చీ పట్టుకుని ఉన్నచోటే నిలబడి ఉన్నారు. ఆ చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలీదు. అతను తన ఒళ్ళోకి చూసుకున్నాడు. ఉత్తరం రెండో పేజీలో, సగం వాక్యంలో, 'నా పేరు' అన్న చోట కలం ఆగి ఉంది. అదీ ఎప్పుడు ఆగిందో తెలీదు. సిరా అక్కడ చిన్న మచ్చ కట్టింది.

మేష్టారు అతని మొహం వైపు చూడటం లేదు. అతని చేతి వైపు చూస్తున్నారు.

అప్పలసూరి లేచాడు. కలమూ కాగితాలూ కుర్చీలో పడేసి, ఖాళీ వేదిక ఎక్కాడు. బల్ల మీద పూలదండల చెత్తా, నీళ్ళసీసాలూ ఉన్నాయి. వాటిని తప్పించి వెతికాడు. జ్ఞాపికలు వచ్చిన అట్టపెట్టె కింద నలిగిపోయి ఒక్క సర్టిఫికెట్టు దొరికింది. దాన్ని బల్ల మీద పరిచి అరచేత్తో నాలుగైదుసార్లు సాపు చేశాడు. ఎంత సాపు చేసినా మడత పోలేదు. ఆ మడతని చూస్తుంటే అతనికి కార్యదర్శి మీద పీకల్దాకా కోపం వచ్చింది. ఆ కోపంలో సగం తన మీద తనకే అని కూడా తెలిసింది.

వేదిక అంచుకి వచ్చి నిలబడ్డాడు. మైకులో అరిచి అరిచి గొంతు జీరపోయి ఉంది. అయినా ఉన్న శక్తంతా కూడదీసుకుని, ఆ ఖాళీ హాలు మారుమోగేలా పిలిచాడు.

"గొర్లె పారమ్మా!"

పారమ్మ వేదికకి ఎదురుగానే ఉంది. అతను చేసిందంతా చూస్తూనే ఉంది. అయినా ఆ కేక వినపడగానే ఉలిక్కిపడినట్టు కదిలింది. నోటుబుక్కు కుర్చీలో పెట్టింది. రెండు అరచేతులతో జుట్టు సర్దుకుంది. కొంగు నడుముకి చుట్టి దోపుకుంది. అప్పుడు బయల్దేరి, మెట్లెక్కి వచ్చింది. మామూలు నడకతోనే వచ్చింది గానీ, పైకి చేరేసరికి రొప్పుతోంది.

సర్టిఫికెట్టు ఆమె చేతికిచ్చి అప్పలసూరి కిందికి దిగాడు. తన కుర్చీ దగ్గరికి వచ్చి, రాసిన రెండు పేజీలూ చూశాడు. వాటిని నిలువునా చింపి జేబులో పెట్టుకున్నాడు.

మేష్టారు వంగి సంచీలోంచి కొత్త కాగితం తీసి, అట్ట మీద పెట్టి అందించారు. కుర్చీలో పడి ఉన్న కలం కూడా తీసి అందించారు.

"ఇప్పుడు రాయి సూరీ," అన్నారు. "సంతకం నేనూ పెడతాను."