ఏలిక ముద్ద

అనగనగా ఒక రాజు. రాజంటే పేరుకే రాజు. ఆయన దీవి ఏడు సముద్రాలకు ఇవతల ఉంటే, ఆయన్ని ఏలే ఏలిక ఏడు సముద్రాలకు అవతల ఉండేవాడు. ఆ ఏలిక పేరు కరాళకేతు. పెద్ద మాంత్రికుడు.

దీవి వాళ్ళది ఉప్పు పండించే బతుకు. వాళ్ళకో ఆచారం ఉంది. వంట కాగానే మొదటి ముద్ద ఆకులో పెట్టి అలల్లో వదిలేవారు. అది ఏలిక ముద్ద. ఎప్పుడో ఓడదొంగల నుంచి కాపాడాడని మొదలుపెట్టారు. మానేస్తే కడుపున పుట్టినవాళ్ళకు కీడు అని తర్వాత ఎవరో అన్నారు. ఇంక ఏ తల్లి మానేస్తుంది?

కరాళకేతుకు యుద్ధాల మోజు. ఉత్తరాన ఒక యుద్ధం చేశాడు. దీవి కుర్రాళ్ళు అతని పక్కన నిలబడి గెలిపించారు. గెలిచాక బొక్కసం ఖాళీ అయిందని వాళ్ళ ఉప్పు మీదే సుంకం వేశాడు. దక్షిణాన ఇంకో యుద్ధం చేశాడు. పొయ్యి నుంచి లేచే పొగ మీద సుంకం వేశాడు. పడమట మూడో యుద్ధం చేశాడు. ఉయ్యాల మీద సుంకం వేశాడు. ఇదంతా మీ రక్షణ కోసమే అని చాటింపు వేయించాడు.

జనం ఊరుకోలేదు. ఉప్పు మడుల గట్లు తెంచి సముద్రాన్ని లోపలికి వదిలారు. పగలు పొయ్యి వెలిగించడం మానేశారు. ఉయ్యాలలు విప్పేసి పిల్లల్ని వీపున కట్టుకున్నారు. యుద్ధానికి పోయేముందు మమ్మల్ని ఒక్క మాట అడిగారా అన్నదే అందరి నోటా. ఏలిక భటులు వచ్చి ఇళ్ళలో మకాం పెట్టారు. వాళ్ళకు గంజి కూడా వీళ్ళే కాయాల్సి వచ్చింది.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయంతుడు మొర చెప్పుకోవడానికి ఏలిక ఓడెక్కి వెళ్ళాడు. రాయైపోయాడు. రెండోవాడు విక్రాంతుడు అన్నను వెతకడానికి ఏలిక ఓడెక్కి వెళ్ళాడు. రాయైపోయాడు. రాజు మంచం పట్టాడు. రాణి తరళాదేవి మాట్లాడటం తగ్గించేసింది. ముద్ద మాత్రం మానలేదు. ఇద్దరు పోయాక ఇంకాస్త పెద్ద ముద్దే పెట్టేది, మూడోవాడు మిగలాలని.

ఆ మూడోవాడు మేఘదత్తుడు. నేను వెళ్తానన్నాడు. రేవులో ఉప్పు మడుల పెద్దమనిషి కూతురు కలువ అతనికి అడ్డం నిలబడింది.

"మళ్ళీ ఆ ఓడేనా రాకుమారా? మీ ఇంట్లో ఎవరికీ వేరే దారి తెలీదా?" అంది. "ఏలిక ఓడకు తీసుకుపోవడమే తెలుసు. తాబేలైతే ఎంత దూరం పోయినా పుట్టిన ఇసుకకే వచ్చి గుడ్లు పెడుతుంది."

చిన్నప్పుడు అతను వల తెంచి వదిలిన తాబేలు ఒకటి ఉంది. పిలవగానే వచ్చింది. దాని వీపు మీద మేఘదత్తుడు, అతని భుజం మీద తాబేలు నేస్తం కొంగ. ఉప్పు సముద్రం, చెరకు సముద్రం, కల్లు సముద్రం, నెయ్యి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీటి సముద్రం దాటారు. కల్లు సముద్రం దగ్గర కొంగ కాస్త తూలింది.

మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందని తాబేలు చెప్పింది. కోట పై అంతస్తులో బంగారు పంజరం. అందులో చిలక గుమ్మడికాయంత ఉంది. మేఘదత్తుడు మెడ నులిమాడు. చావలేదు. కత్తితో పొడిచాడు. కత్తి వంగింది. నీళ్ళ తొట్టిలో ముంచాడు. తేలింది.

"ఎందుకు బాబూ నీకీ శ్రమ," అంది చిలక. "మీ అమ్మ పెట్టిన ముద్ద ఇప్పుడే తిన్నాను. మీ దీవిలో ప్రతి అమ్మా పెట్టిన ముద్ద తిన్నాను. నేనెలా చస్తాను?"

మేఘదత్తుడు చిలకను వదిలేశాడు. ఈ మాట అమ్మకు చెప్పమని కొంగను ఇంటికి పంపాడు.

కొంగ ఎగరడం కరాళకేతు చూశాడు. విషయం అర్థమైంది. మేఘదత్తుణ్ణి పట్టుకుని మోకాళ్ళ దాకా రాయి చేసి ఆపాడు, బేరానికి పనికొస్తాడని.

దీవిలో కొంగ అంతా చెప్పింది. ఆడవాళ్ళందరూ ఆకులు చేత్తో పట్టుకునే ఒడ్డున నిలబడి విన్నారు. అంతలో ఒక అల తాటిచెట్టంత లేచింది. అందులోంచి మాంత్రికుడి గొంతు వచ్చింది. ఉప్పు సుంకం తీసేస్తానన్నాడు. పొగ సుంకం తీసేస్తానన్నాడు. ఉయ్యాల సుంకమూ తీసేస్తానన్నాడు. "రాణీ, ఒక్క ముద్ద నీళ్ళలో వెయ్యి, చాలు. లేదా నీ మూడోవాడూ రాయే. మోకాళ్ళ దాకా అయ్యాడు."

రాణి ఆకు పట్టుకుని నీళ్ళ అంచు దాకా వచ్చింది. ఆమె ఒక్కటే అడిగింది.

"మళ్ళీ యుద్ధం వస్తే, ముందు మమ్మల్ని అడుగుతావా?"

"ఏలిక అడగడమేమిటి?" అని నవ్వింది అల.

రాణి వెనక్కి తిరిగింది. పక్కనున్న తల్లి వీపు మీద పాప ఉంది. ముద్ద ఆ పాప నోట్లో పెట్టింది.

"నడుం దాకా," అంది అల.

కలువ తన ముద్ద తన చెల్లెలికి పెట్టింది. "ఆయన తిరిగి రావాలని నాకూ ఉందమ్మా," అంది మెల్లగా, రాణికి మాత్రమే వినపడేలా.

"మెడ దాకా," అంది అల.

రాణి కళ్ళు మూసుకుంది. చెయ్యి మాత్రం ఆపలేదు. ఇంకో ముద్ద కలిపి ఇంకో బిడ్డకు పెట్టింది. ఒడ్డు పొడుగునా తల్లులందరూ అలాగే పెట్టారు. ఒక్క ఆకు కూడా నీళ్ళలో పడలేదు. అల విరిగిపోయింది.

అక్కడ చిలక చిక్కిపోతూ వచ్చింది. గుమ్మడికాయంతది కొబ్బరికాయంత అయింది, మామిడికాయంత అయింది, చిలకంత చిలక అయింది. పంజరం ఊచల మధ్య దూరి బయటికొచ్చింది. ఎగరాలని తనకూ ఎన్నాళ్ళుగానో ఉందని చెప్పి ఎగిరిపోయింది. దానితోపాటే కరాళకేతు ప్రాణమూ పోయింది. అతను నిలబడ్డ చోట ఉప్పు కుప్ప మిగిలింది.

రాళ్ళు మనుషులయ్యాయి. జయంతుడు కళ్ళు నులుముకుని, "ఓడ వచ్చిందా?" అన్నాడు.

"ఓడ కాదన్నయ్యా, తాబేలు."

ముగ్గుర్నీ మోయాలా అని తాబేలు దారి పొడుగునా సణిగింది. మోసింది.

మేఘదత్తుడికీ కలువకీ పెళ్ళయింది. అన్నలిద్దరూ ఓడల పేరెత్తకుండా ఉప్పు మడులు చూసుకున్నారు. మేఘదత్తుడు చాలా కాలం రాజ్యం చేశాడు. ఏ పని తలపెట్టినా ముందు రేవులో జనాన్ని పిలిచి అడిగేవాడు. ఒక్కోసారి వద్దనేవారు. మానుకునేవాడు.

ఆ దీవిలో ఇప్పటికీ మొదటి ముద్ద పిల్లలకే. రాణి తరళాదేవికి ముసలితనం వచ్చాక కూడా ముద్ద కలిపేటప్పుడు ఆ అల మాటలు చెవిలో వినపడేవట. అయినా ఒక్కసారీ నీళ్ళ వైపు తిరగలేదు.

కథ అయింది. ఇంక నోళ్ళు తెరవండి పిల్లలూ.