గుంటయ్య నేర్పిన బాతు పలుకు

చలికాలం వచ్చిందంటే నల్లతుంగ చెరువు దగ్గర అందరికీ కాస్త గీర ఎక్కువవుతుంది. ఎక్కడో మంచుకొండల అవతల నుంచి, నెత్తిన రెండు నల్ల చారలున్న బాతులు గుంపులు గుంపులుగా వచ్చి దిగుతాయి. అవి దిగిన రోజు నుంచి పిచ్చుక మొదలుకొని ఎండ్రకాయ దాకా ప్రతివాళ్ళూ మెడ సాచి నడుస్తారు, అక్కరలేకపోయినా గొంతు సవరించుకుంటారు. బాతులు మాత్రం వీళ్ళ వేషాలేవీ పట్టించుకోవు. వాటికి కావలసింది కోసిన చేలలో రాలిన వడ్లు, చెరువు నడుమ లంకలో నిద్ర, గట్టు మీద నమ్మకమైన ఒక కాపలా.

ఆ కాపలా పని స్థానికంగా ఉండే పిట్టకే ఇవ్వడం బాతుల ఆనవాయితీ. ఊరి దారులు, ఊరి కుక్కలు, వేటగాళ్ళ అడుగుల చప్పుడు తెలిసినవాళ్ళు ఇక్కడివాళ్ళే కదా. కాపలా పిట్ట గట్టు మీద నిలబడి, ఏమీ లేకపోతే "అంతా క్షేమం" అనాలి. అనుమానం వస్తే "తలలెత్తండి" అనాలి. ముప్పు ముంచుకొస్తే "లేవండి" అనాలి. అన్నీ బాతుల భాషలోనే అనాలి. పొద్దున్నే మంచు కమ్మిందంటే ఆ చెరువులో పక్కనున్నవాళ్ళు కూడా కనపడరు, చెవి ఒక్కటే ఆధారం. ఈ పనికి ప్రతిఫలంగా లంకలో చోటిస్తారు. చుట్టూ నీళ్ళు, చుట్టూ బాతులు, నడుమ గూడు.

నిరుడు దాకా ఆ పని చూసిన కొంగ వేరే చెరువుకు వెళ్ళిపోయింది. చోటు ఖాళీ అయిందని వినగానే తీతువు చెంచమ్మ కాలు ఒకచోట నిలవలేదు. తీతువులు నేల మీదే గుడ్లు పెడతాయి. కిందటేడు చెంచమ్మ గట్టు మీద పెట్టిన గుడ్లను గొర్రెల మంద తొక్కేసింది. అంతకు ముందేడు పాము మింగింది. ఆ రెండుసార్లూ ఆమె అరిచిన అరుపులు చెరువంతా విన్నది, ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఈసారి కూడా అలాగే జరిగితే ఇక గుడ్లు పెట్టే ధైర్యం తనకు ఉండదని ఆమెకు తెలుసు. లంకలో జానెడు చోటు దొరికితే చాలు.

మాటలకు కొదవ లేదు. ఎన్నో చలికాలాలు గట్టు మీద నుంచి విని విని బాతుల మాటలన్నీ పట్టేసింది. తిన్నగా బాతుల పెద్ద దగ్గరికి వెళ్ళింది. ఆమెను చెరువువాళ్ళంతా దొరసాని అంటారు. చెంచమ్మ రెక్కలు సర్దుకుని, "అంతా క్షేమం" అంది.

"మళ్ళీ చెప్పు," అంది దొరసాని.

చెంచమ్మ మళ్ళీ చెప్పింది. వెనక నిలబడ్డ పడుచు బాతులు ముక్కులు నీళ్ళలో ముంచి నవ్వు దాచుకున్నాయి.

"మాటలు సరిగానే ఉన్నాయి. పలుకు మాకు అందడం లేదు," అంది దొరసాని. "మెలకువగా ఉన్న నాకే రెండుసార్లు వింటే గానీ తెలియలేదు. నిద్రమత్తులో ఉన్న పిల్లలకు ఏం తెలుస్తుంది? అమావాస్య దాకా చూస్తాను. ఈలోగా నేర్చుకుని రా."

చెంచమ్మ తల దించుకుని తుంగ పొదల వైపు వచ్చింది. అక్కడ గుంటయ్య అనే నక్క ఎండలో కూర్చుని కాలు నాకుకుంటున్నాడు. ఎవరి ఇబ్బంది ఎక్కడుందో అతని ముక్కుకు ఇట్టే తెలుస్తుంది.

"ఏంది చెంచమ్మా, మొకం అట్టా వేలాడేశావు? దొరసాని కాదన్నదా?"

చెంచమ్మ అతని దగ్గరికి పోలేదు. నీళ్ళ మధ్యనున్న రాయి మీద వాలి, జరిగింది చెప్పింది.

"పలుకే కదా," అన్నాడు గుంటయ్య. "నేను నేర్పిస్తా. పుట్టిన కాడి నుంచి ఈ బాతుల పలుకు వింటా పెరిగినోణ్ణి. మా నాయన విన్నాడు, మా తాత విన్నాడు. ఏదీ, చెవి ఇటు పెట్టు."

గుంటయ్య గొంతెత్తి ఒక్క కూత కూశాడు. చెంచమ్మ ఒళ్ళు జలదరించింది. కళ్ళు మూసుకుంటే అచ్చం బాతే. చేల మీదుగా బాతులు ఎగిరిపోయేటప్పుడు దూరం నుంచి తను వినే గొంతు అదే.

"అయ్యవారూ, మరి ఫీజు?"

"ఫీజేంది, మనలో మనకి. నువ్వు మాటలు చెప్పు, నేను పలుకు దిద్దుతా. సరిపోయింది."

ట్యూషన్ మొదలైంది. చెంచమ్మ రాయి మీద, అయ్యవారు తుంగలో. ఆమె మాట అందించేది, అతను దాన్ని సాగదీసి పలికేవాడు, ఆమె మళ్ళీ అనేది.

"గొంతు పైకెత్తు. ఇంకా పైకి. మధ్యలో ఊపిరి తీయబాక, నాటుతనం అక్కడే బయటపడేది. చివర్లో టక్కున తెంపెయ్. ఆ వణుకేది? వణకాల. బాతు పలుక్కి అందమంతా ఆ వణుకులోనే ఉండేది."

అన్నిటికన్నా గుంటయ్యకు రెండు మాటల మీద మోజు. ఒకటి "అంతా క్షేమం". రెండోది "గింజలు ఇక్కడున్నాయి, రండి". ఆ రెంటినీ చెంచమ్మ చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని, తనూ మళ్ళీ మళ్ళీ పలికేవాడు. నేర్పేవాడికి నేర్చుకునేవాడికన్నా ఎక్కువ శ్రద్ధ ఉండటం చెంచమ్మ ఎక్కడా చూడలేదు. ఎంత మంచి అయ్యవారో అని మురిసిపోయింది.

ఒకరోజు గట్టు మీద ఒంటరిగా సాధన చేసుకుంటుంటే, మేస్తున్న ముసలి ఎద్దు ఓబులేసు గబుక్కున తలెత్తాడు.

"ఎవురన్నా తరుముతుండారా అమ్మా?"

"తరమటమేంది పెద్దయ్యా? అది యాస. నీకు తెలియదులే," అంది చెంచమ్మ విసుగ్గా.

ఓబులేసు మళ్ళీ గడ్డిలో మూతి పెట్టాడు.

పలుకు వచ్చేసిందని చెంచమ్మకు ధీమా కుదిరింది. ఒక సాయంత్రం బాతులన్నీ కడుపు నిండా తిని, నీళ్ళ అంచున ఒంటికాలి మీద కునుకు తీస్తున్నాయి. దొరసాని ఒక్కతే మేలుకుని ఉంది. చెంచమ్మ గట్టు మీద నిలబడి, గొంతు పైకెత్తి, ఊపిరి తీయకుండా, వణికిస్తూ, చివర్లో టక్కున తెంపి, "అంతా క్షేమం" అంది.

గుంపు గుంపంతా ఒక్కసారిగా గాల్లోకి లేచింది. ఒకదాని రెక్క ఒకదానికి తగిలి, నీళ్ళన్నీ చిందరవందరై, ఎవరి పిల్లలు ఎటు పోయారో తెలియకుండా పోయింది. ఒక పడుచు బాతు కంగారులో చేపల వల కట్టిన గుంజకు కొట్టుకుని రెక్క నలగ్గొట్టుకుంది. అందరూ తిరిగి దిగేసరికి పొద్దు గుంకింది.

దొరసాని గట్టెక్కి వచ్చింది. "ఏం చూసి అరిచావు?"

"ఏమీ చూడలేదమ్మా. అంతా క్షేమం అన్నాను."

"మాట అదే. కానీ పలికిన తీరు, తోక నక్క నోటికి చిక్కినవాళ్ళు పలికే తీరు. అలాంటి గొంతు చెవిన పడ్డాక మాట ఏమిటని మాలో ఎవరూ ఆలోచించరు. ఎవరు నేర్పారు నీకు?"

చెంచమ్మకు తుంగలోని అయ్యవారు గుర్తొచ్చాడు. తాతల నాటి నుంచి విన్నామన్నాడు గుంటయ్య. ఎప్పుడు విన్నాడు? ఎక్కడ విన్నాడు?

"అమ్మా, నక్క పక్కనుండగా మీరెప్పుడన్నా తీరిగ్గా మాట్లాడతారా?"

"నక్క పక్కన తీరిగ్గా మాట్లాడిన బాతు ఉంటే నాకూ చూపించు," అంది దొరసాని.

చెంచమ్మకు సంగతి అర్థమైంది. గుంటయ్య అబద్ధం ఆడలేదు. బాతులు తనను చూసి బెదిరి పారిపోతుంటే విన్నాడు. జీవితంలో అతను విన్న బాతు పలుకంతా అదే. దాన్నే గొప్ప యాస అనుకున్నాడు, చెంచమ్మకూ అంటించాడు. ఆ రెండు మాటల మీద అతనికి మోజెందుకో కూడా అప్పుడు బోధపడింది. జరిగినదంతా దాచకుండా దొరసానికి చెప్పేసింది.

దొరసాని రెక్క నలిగిన పడుచు బాతు వైపు ఒకసారి చూసింది. "అమావాస్య ఇంకా రాలేదు," అని మాత్రం అని లంకకు వెళ్ళిపోయింది.

మర్నాడు చెంచమ్మ ఓబులేసు ముందు వాలింది. "పెద్దయ్యా, ఆ రోజు నువ్వు అడిగిందే నిజం. తరుముతున్నప్పటి అరుపే నేను నేర్చుకుంది. ఇప్పుడేం చేయాల?"

ఓబులేసు నెమరు ఆపాడు. "నన్ను కన్నడ దేశపు సంతలో కొనుక్కొచ్చారమ్మా. అక్కడి రైతు అదిలింపు వేరు, ఇక్కడి రైతు అదిలింపు వేరు. ఈయన పొమ్మంటే నేను నిలబడేవాణ్ణి, నిలబడమంటే లాగేవాణ్ణి. అప్పుడు నన్ను ఒక పాత ఎద్దు పక్కన కాడికి కట్టారు. కొత్త గిత్తలకు అట్టనే చేస్తారు గదా. ఆయన నాకేమీ చెప్పింది లేదు. ఆయన అడుగేస్తే నేనూ అడుగేశా, ఆయన ఆగితే నేనూ ఆగా. అరక దున్నటం అయ్యేసరికి నా చెవికి ఈ ఊరి పిలుపు అలవాటైంది."

"నాకు కాడి ఎవరు కడతారు పెద్దయ్యా?"

"కట్టేదేముంది. తినే వాళ్ళ పక్కన నడువు."

బాతుల గుంపులో ఒక ముసలమ్మ ఉంది. కాలు ఈడుస్తూ అందరికన్నా వెనక మేస్తుంది, మేస్తున్నంతసేపూ తనలో తాను ఏదో గొణుక్కుంటుంది. చెంచమ్మ వెళ్ళి ఆమె పక్కన చేరింది. ఆమె అడుగేస్తే అడుగేసింది, గింజ ఏరితే పురుగు ఏరింది, గొణిగితే గొణిగింది. మొదట ముసలమ్మ వింతగా చూసింది, తర్వాత తోడు దొరికిందని ఇంకాస్త ఎక్కువ గొణగడం మొదలుపెట్టింది. అప్పుడు తెలిసింది చెంచమ్మకు, బాతులు అంతా క్షేమం అనేటప్పుడు గొంతు ఎత్తవు, దించుతాయి. ఊపిరి వదులుతూ అంటాయి. తిన్న తిండి అరిగినంత నింపాదిగా ఉంటుంది ఆ మాట. తను తప్పుగా పలికిన చోట ముసలమ్మ తిట్టేది కాదు, అదే మాటను మళ్ళీ నెమ్మదిగా అనేది. చెంచమ్మ కూడా మళ్ళీ అనేది.

ఈ మధ్యలో గుంటయ్య కబురు పెట్టాడు. చెంచమ్మ పోయి అదే రాయి మీద, ఇంకాస్త అవతలి అంచున వాలింది.

"ఏందమ్మే, ట్యూషన్‌కి రాటం మానేశావు? మన పలుకు విన్నాక దొరసాని ఏమంది?"

"మీరు నేర్పినట్టే పలికాను అయ్యవారూ. నిద్రపోతున్న వాళ్ళంతా ఒక్కసారిగా లేచారు," అంది చెంచమ్మ. అందులో అబద్ధమేమీ లేదు.

గుంటయ్య మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "లేవరా మరి. తాతల నాటి సొత్తు అది." ఆ రోజు నుంచి అతను ఆ వణుకు మీద ఇంకా గట్టిగా సాధన చేశాడు.

అమావాస్య నాటికి చెంచమ్మ దొరసాని ముందు నిలబడి, మూడు మాటలూ పలికింది. మొదటి మాటకు బాతులు కళ్ళు మూసుకున్నాయి. రెండో మాటకు తలలెత్తాయి. మూడో మాటకు రెక్కలు విప్పాయి.

"నా గొంతులో తీతువు గరగర ఇంకా పోలేదమ్మా," అంది చెంచమ్మ మొహమాటంగా.

"ఉండనివ్వు. పలుకుతున్నది నువ్వేనని అలాగే గుర్తుపడతాం," అంది దొరసాని. "మాకు అందింది, అది చాలు."

చెంచమ్మ లంకలో గూడు కట్టింది. నాలుగు గుడ్లు పెట్టింది. ఆమె మగడు పొదుగుతుంటే తను గట్టు మీద కాపలా కాసేది. ఎన్నాళ్ళ తర్వాతో ఆమె గుండె నిబ్బరంగా కొట్టుకుంది.

ఒక తెల్లవారుజామున మంచు బాగా దిగింది. చెయ్యి చాపితే వేళ్ళు కనపడనంత మంచు. సగం బాతులు అప్పటికే లంక దాటి, తుంగ పొదల పక్కన చేలో గింజలు ఏరుతున్నాయి. చెంచమ్మకు గట్టు తప్ప ఏదీ కనపడటం లేదు. గుంటయ్య ఇన్నాళ్ళూ ఎదురుచూసింది ఇలాంటి మంచు కోసమే. తుంగలో నడుము వంచి కూర్చుని, బాతులు ఇంకో పది అడుగులు ఇటు జరిగితే చాలనుకున్నాడు. గొంతు పైకెత్తాడు. ఊపిరి తీయలేదు. వంశంలో ఎవరూ పలకనంత అందంగా వణికించాడు.

"అంతా క్షేమం. గింజలు ఇక్కడున్నాయి, ర..."

రండి అనేది పూర్తి కాలేదు. చేలోని బాతులన్నీ ఒక్క రెక్క చప్పుడుతో లేచిపోయాయి. గుంటయ్య ఆగలేక, అవి ఉన్నాయనుకున్న చోటికి గభాలున దూకాడు. అక్కడ బాతులు లేవు, నిరుటి నుంచి ఆరని బురద ఉంది. మెడ దాకా దిగిపోయాడు.

ఆ చప్పుడు ఎక్కడిదో, ఎవరిదో చెంచమ్మకు అర్థమైంది. పైన మంచులో దిక్కు తెలియక బాతులు గిరగిరా తిరుగుతున్నాయి. ఆమె తుంగకు దూరంగా, గట్టు చివరికి ఎగిరి, నింపాదిగా ఊపిరి వదులుతూ, తన గరగర గొంతుతోనే, "అంతా క్షేమం" అంది. ఒక్కొక్కటే ఆ గొంతు దగ్గరికి వచ్చి దిగాయి. ముసలమ్మ అందరికన్నా చివర దిగి, అలవాటుగా గొణుగుతూ మేతలో పడింది. లంకలో నాలుగు గుడ్లూ భద్రంగా ఉన్నాయి.

మంచు విడిచాక ఓబులేసు అటుగా వచ్చాడు. గుంటయ్య గట్టు మీదికి పాక్కుంటూ వచ్చి, కళ్ళలో బురద తుడుచుకుంటున్నాడు.

"ఓబులేసూ, నువ్వు విన్నావు గదా. నా పలుకులో ఎక్కడన్నా తప్పుందా?"

"తప్పేమీ లేదు గుంటయ్యా," అన్నాడు ఓబులేసు. "నిన్ను చూసినప్పుడు బాతులు ఎట్టా పలుకుతాయో, అచ్చం అట్నే పలికావు."

నీతి: పరాయి భాష పలుకు పట్టుబడాలంటే, ముందు ఆ భాషవాళ్ళు మన పక్కన నిశ్చింతగా తినగలగాలి.