ఏట్లో దిగిన పల్లకీ

జనాన్ని లెక్కపెట్టించి, దాన్నిబట్టి ఊరూరా బావులు తవ్విస్తానన్నాడు ఒక రాజు. లెక్కల అధికారి భూపతిరాయుడు పల్లకీ ఎక్కి బయల్దేరాడు. దాన్ని మోసే నలుగురు బోయీలదీ ఏటవతలి గూడెం. అక్కడ తాగడానికి ఇసుకలో తవ్వుకున్న చెలమ నీళ్ళే దిక్కు.

ఏరు దాటుతుండగా రాయుడు ఆవలించాడు. "ఆ గూడెంలో ఉండేదే గుప్పెడు జనం. ఎవరూ లేరని రాసేస్తాను. వెనక్కి తిప్పండి."

"మంచిదే గంగులు మావా, లెక్కలోకెక్కితే పన్నేస్తారు," గొణిగాడు వెనక బోయీ చింతయ్య.

"పన్నుకి మనం ఎప్పుడూ కనపడుతూనే ఉన్నాంరా. కనపడంది బావికే!" అంటూ ముందు బోయీ గంగులు పల్లకీని నడి ఏట్లో దింపించాడు. రాయుడు నడుం దాకా తడిశాడు.

"ఎత్తండిరా!"

"ఎవర్ని పిలుస్తున్నారు దొరా? మా గూడెంలో ఎవరూ లేరన్నారుగా."

"ఉన్నారు! నలుగురున్నారు, రాస్తున్నా!"

పల్లకీ లేచి అవతలి ఒడ్డు చేరింది. "రాశాగా, ఇక వెనక్కి పదండి," అన్నాడు రాయుడు.

"వెనక్కి పోవాలన్నా ఈ ఏరే దాటాలి దొరా," అన్నాడు గంగులు వినయంగా.

రాయుడు గూడెంలోకి నడిచి, ఉయ్యాల్లో పసిగుడ్డుతో సహా లెక్కపెట్టాడు. తిరిగి పల్లకీ ఎక్కబోతుంటే చింతయ్యే అడ్డం నిలబడ్డాడు.

"ఆగండి దొరా, మా అవ్వ మిగిలిపోయింది!"