రెండు ఊళ్ళ బోయీలు

పూర్వం కొండల నడుమ ఒకానొక చిన్న రాజ్యాన్ని వీరకేసరి అనే రాజు ఏలేవాడు. ఆయనకు తన పేరంటే మహాప్రీతి. ఒకసారి వేటకు పోతూ ఈతమిట్ట అనే పల్లెలో చల్లటి మజ్జిగ తాగాడు. ఆ సంతోషంలో ఊరికి వీరకేసరిపురం అని పేరు పెట్టి వెళ్ళిపోయాడు.

దివాణం పుస్తకంలో కొత్త పేరు ఎక్కింది. పాతది కొట్టేయాలని ఎవరికీ తోచలేదు.

కోట కందకం తవ్వడానికి ఏటా ఊరికి ఇరవై మంది వెట్టికి పోవాలి. ఈతమిట్టలో ఉన్న మగవాళ్ళే ఇరవై మంది. వాళ్ళు ఈతమిట్ట వంతు తవ్వి ఇల్లు చేరగానే వీరకేసరిపురం వంతుకు పిలుపు వచ్చేది. మూడేళ్ళుగా ఇదే తంతు. ఈసారి వాన పడి, పదును ఆరిపోతున్నా దున్నే దిక్కు లేదు.

ఊరిపెద్ద చెంచమ్మ మూడుసార్లు మంత్రి దగ్గరికి నడిచింది.

"పుస్తకంలో రెండు ఊళ్ళున్నాయమ్మా, నేనేం చేసేది?" అన్నాడాయన తలెత్తకుండా.

నాలుగోసారి నడిచే ఓపిక ఆమెకు లేదు. ఇంతలో, మగవాళ్ళు ఈతమిట్ట వంతు తవ్వి ఇల్లు చేరిన రోజునే, రాజు ఆ దారిన వచ్చాడు. రాజు పల్లకీని ఏ ఊళ్ళో ఆ ఊరి బోయీలే మోయాలి, పొలిమేరలో తర్వాతి ఊరివాళ్ళకు అప్పగించాలి. అది అక్కడి కట్టుబాటు.

ఈతమిట్టవాళ్ళు పల్లకీని ఊరి నడుమ, మండుటెండలో దించేసి పోయి నీడన కూలబడ్డారు.

"ఏమిటిది?" రాజు తెర తీసి అరిచాడు.

"ఈతమిట్ట వంతు అయిపోయింది, ఏలినవారూ. ఇక వీరకేసరిపురం వాళ్ళు మోయాలి," అంది చెంచమ్మ.

"ఏరీ వాళ్ళు?"

"వీళ్ళే. కాస్త అన్నం తిని, ఆ ఊరివాళ్ళయి వస్తారు."

"ఒకే మనుషులు రెండు ఊళ్ళవాళ్ళు ఎలా అవుతారే?"

"నేనూ అదే అడిగాను ప్రభూ. మంత్రిగారు పుస్తకం చూపించారు."

వెనక గుర్రం మీదున్న మంత్రి కొండలకేసి చూడసాగాడు. చెంచమ్మ కందకం సంగతంతా చెప్పింది. రాజు చెమట తుడుచుకుంటూ విన్నాడు.

"సరే, ఒక పేరు కొట్టేయిస్తాను. ఏది ఉంచమంటావు?"

"ఏదైనా ఫరవాలేదు. ఒక్కటే ఉంచండి."

రాజుకు నవ్వొచ్చింది. "నీ తెలివికి మెచ్చాను. ఊరికి నీ పేరే పెడతాను పో!"

చెంచమ్మ గబుక్కున చేతులు జోడించింది. "అంత పని చేయకండి మహాప్రభో! మూడో వంతుకు మా దగ్గర మనుషుల్లేరు."

రాజు పల్లకీ ఊగేలా నవ్వాడు. ఆ ఏటికి వెట్టి మాఫీ చేసి, దుక్కికి దివాణం ఎడ్లు నాలుగు జతలు ఇప్పించాడు.

బోయీలు మాత్రం అన్నం తిన్నాకే లేచారు.