అడిగిన ప్రతి పేరుకీ సున్నా

"తప్పెక్కడుందో చెప్పండి మేడమ్. చెప్పేసి నన్ను పంపించెయ్యండి. ఇంక కంప్యూటరు జోలికి రాను."

సింహాద్రి గుమ్మం అవతలే నిలబడి అన్నాడు ఈ మాట. చెప్పులైనా విప్పలేదు. గడ్డం గీసుకుని మూడు వారాలైనట్టుంది.

మంగతాయారు గారు కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. కాకినాడలో ముప్ఫై ఏళ్లు కంప్యూటరు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఇంటి ముందుగదిలో నాలుగు బల్లలు వేసి, నచ్చిన పిల్లలకి ఊరికే చెబుతున్నారావిడ. ఆవిడకి నచ్చడమంటే మాటలా! ఆ గది తలుపు మీద ఆవిడే తెల్లరంగుతో రాసి, ఆవిడే మేకులు కొట్టిన చెక్క ఒకటుంది. "ముందు వెతుకు. తర్వాత ఆలోచించు. నన్నడగడం ఆఖర్న." ఎవడైనా "మేడమ్, ఇదెందుకు..." అనబోతే ఆవిడ తలైనా తిప్పేవారు కాదు. వేలు మాత్రం ఆ చెక్కవైపు లేచేది. అడగొచ్చినవాడు అట్నుంచటే వెనక్కి వెళ్లిపోయేవాడు.

సింహాద్రి ఆ చెక్కమీది మాట మనసుకి పట్టించుకున్నాడు. రెండేళ్లలో ఆవిణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు. ఓసారి ఆవిడ అందరి ముందూ, "వీణ్ణి చూసి నేర్చుకోండర్రా. ఇంతవరకూ నన్నొక్క మాట అడగలేదు. అన్నీ వాడే తేల్చుకుంటాడు," అన్నారు. గంగాలపేటలో చేపలవేటకి వెళ్లే ఇంట్లోంచి వచ్చిన కుర్రాడు. ఆవేళ ఇంటిదాకా సైకిలు తొక్కినా వాడికి అలుపు తెలియలేదు. ఆ మెప్పే వాడి కొంప ముంచింది.

మేడమ్ పాతికేళ్ల కిందట రాసిన ప్రోగ్రాము ఒకటుంది. ఏ పూట సముద్రం ఎంత పొంగుతుందో, ఎంత వెనక్కి తీస్తుందో లెక్కగట్టి, గంగాలపేట మొగలో ఎన్నడుగుల నీళ్లుంటాయో చెబుతుందది. ఏరు సముద్రంలో కలిసే చోటే మొగ. వేటకి వెళ్లే పడవ ఏదైనా అది దాటాల్సిందే. నీళ్లు తక్కువుంటే పడవ అడుగు ఇసకకి తగులుతుంది, తగిలిన పడవని కెరటం అడ్డం తిప్పి బోర్లా వేస్తుంది. పాత కంప్యూటర్లో మూలపడి ఉన్న ఆ ప్రోగ్రాముని వెబ్‌లోకి తెచ్చి, తన ఊరివాళ్ల ఫోన్లలో పెడదామని సింహాద్రికి బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే, ఎవరు కాదన్నారు!

దానికి లింకరు కావాలి. లింకరంటే ఏమిటో ఎరగనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. ప్రోగ్రాముని ముక్కలు ముక్కలుగా రాస్తారు. ఒక ముక్క ఇంకో ముక్కని పేరుపెట్టి పిలుస్తుంది. ఆ పేరుగల ముక్క ఎక్కడుందో వెతికి, అన్నిట్నీ కలిపి ఒక్క మూటగా కట్టి ఇచ్చేది లింకరు. ఆ మూటని మాడ్యూలంటారు. దాన్ని వెబ్‌లో పెడితే ఎవరి ఫోన్లోనైనా ఒక్కలాగే నడుస్తుంది. పిలిచిన పేరు దొరక్కపోతే మాత్రం లింకరు మూట కట్టదు. ఫలానా పేరు లేదని ఒక లైను రాసి ఆగిపోతుంది.

సింహాద్రి మొన్న భాద్రపదంలో మూట కట్టాడు. ఊళ్లో అందరి ఫోన్లలోకీ ఎక్కించాడు.

వాడి మేనమామ ఎర్రయ్య. తండ్రి పోయాక వాణ్ణి పెంచి చదివించింది ఆయనే. మొగ దగ్గర పడవ నెమ్మది చేసి, గెడ దించి లోతు చూడందే దాటేవాడు కాదాయన. నలభై ఏళ్ల అలవాటు. భాద్రపదంలో ఫోనూ చూశాడు, గెడా వేశాడు. రెండూ ఒకే మాట చెప్పాయి. ఆశ్వయుజంలోనూ అంతే. "ఒరే సిమ్మాద్రీ, నీ ఫోను నా గెడకన్నా ముందే సెప్పేత్తందిరా," అని మేనల్లుడి భుజం చరిచాడు. కార్తీకం వెళ్లాక గెడ ముట్టుకోవడం మానేశాడు.

పుష్యమాసంలో ఓ పొద్దున ఫోను నాలుగడుగులంది. మొగలో ఉన్నది రెండడుగులు.

పడవ తిరగబడింది. తక్కిన ముగ్గురూ ఈదుకుని ఒడ్డున పడ్డారు. ఎర్రయ్య కుడిచెయ్యి ఇంజనుకీ పడవ అంచుకీ మధ్య పడి నలిగిపోయింది. మణికట్టు పైదాకా తీసెయ్యాల్సి వచ్చింది.

ఆసుపత్రి మంచం మీద ఆయన అన్నమాట ఇదీ: "నీ తప్పేటుందిరా. గెడ ఎయ్యనిది నేనే కదా. నీ ఫోను నాలుగడుగులంది కదాని ఎయ్యలేదు."

తిట్టినా బాగుండేది. చెంప పగలగొడదామంటే ఆ చెయ్యే లేదాయె.

అందుకే సింహాద్రి ఇవాళ గుమ్మం అవతల నిలబడ్డాడు.

"ఒక్క ఎర్రర్ రాలేదు మేడమ్. మూట కట్టినప్పుడూ రాలేదు, బ్రౌజరులోనూ రాలేదు. మూడు వారాలుగా మీ లెక్కలన్నీ లైను లైను చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి నాలుగడుగులని ఎందుకు చెప్పింది?"

మంగతాయారు గారు కళ్లజోడు పెట్టుకున్నారు. "చెప్పులు విప్పి లోపలికి రా," అన్నారు.

వాడు రోజూ కూర్చునే బల్ల దగ్గరికి వెళ్లి కంప్యూటరు తెరిచారు. మూట కట్టమని లింకరుకి ఇచ్చే ఆజ్ఞ ఒక పొడుగాటి లైను. దాని మీద వేలు పెట్టి, బడిపిల్లలా ఒక్కొక్క మాటే చదువుకుంటూ పోయి ఒకచోట ఆగారు. దొరకని పేర్లుంటే అడక్కు, పోనీ అని లింకరుకి చెప్పే మాట అది. ఆ ఒక్క మాటా చెరిపి మీట నొక్కారు.

లింకరు రెండు లైన్లు రాసి ఆగిపోయింది. ఇవాళ్టి తేదీ చెప్పే పేరు లేదు. మొగమేట అనే పేరు లేదు.

సింహాద్రి తెర దగ్గరికి వంగాడు. ఈ రెండు లైన్లూ వాడు భాద్రపదంలో చూసినవే, చూసి మరిచిపోయినవే.

మొదటి పేరుకి భయం లేదు. ఇవాళ తేదీ ఎంతో చెప్పాల్సింది ఫోనే, అది మూటలో ఉండక్కర్లేదు. దాని కోసమని ఆ రోజు 'పోనీ' అనే మాట చేర్చాడు. రెండో పేరు ఆ ఫోల్డర్లో ఎక్కడా దొరకలేదు. దాన్నీ అదే దారిన పోనిచ్చాడు. మూట వెబ్‌లోకి వెళ్లాక బ్రౌజరైనా ఊరుకుందా? మొగమేట ఏదీ అని అదీ అడిగింది. దాని నోరు కూడా మూయించడానికి పేజీలో చిన్న ఏర్పాటు చేశాడు. తేదీ తప్ప, అడిగిన ప్రతి పేరుకీ సున్నా. ఎవరేం అడిగినా సున్నా. తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. లెక్కలు గెడతో సరిపోతూ వచ్చాయి, ఆ తర్వాత అనేది రానేలేదు.

మొగమేట అంటే మొగలో ఇసక మేట ఏ నెలలో ఎంత ఎత్తుంటుందో చెప్పే ముక్క. నీటి లోతులోంచి ఆ ఎత్తు తీసేస్తేనే పడవకి దొరికే నీరు తేలుతుంది. వానాకాలంలో ఏటి వరద ఆ మేటని తోసుకుపోతుంది కాబట్టి అప్పుడు సున్నాయే నిజం. పుష్యం వచ్చేసరికి మేట రెండడుగులు లేస్తుంది.

"ఈ లైను చూశావా?" అన్నారు మంగతాయారు గారు.

"చూశాను మేడమ్."

"చూసి దాని నోరు నొక్కేశావా?"

వాడు తల దించుకున్నాడు.

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా? రాసినదాన్ని నేను బతికే ఉన్నానుగా! నన్నెందుకు అడగలేదురా?" ఆవిడ గొంతు లేచింది. పాపం, కోపమే కాదు, ఏడుపు కూడా ఉంది అందులో.

సింహాద్రి ఏమీ అనకూడదనే అనుకున్నాడు. కానీ కళ్లు మాట వినలేదు. తలుపు మీది చెక్కవైపు వెళ్లాయి.

ఆవిడా అటే చూశారు.

"ఒకసారి వచ్చాను మేడమ్," అన్నాడు. "వినాయకచవితి మర్నాడు. ఆ పేరు కాగితం మీద రాసుకుని తెచ్చాను. మీరు కిటికీ దగ్గర కూర్చుని ఏదో చదువుకుంటున్నారు. 'మేడమ్, మొగ' అన్నాను. అంతే అన్నాను."

"నేనేమన్నాను?"

"ఏమీ అనలేదండి."

"వేలు చూపించానా?"

"ఆఁ."

మంగతాయారు గారు గుర్తు తెచ్చుకోబోయారు. గుర్తు రాలేదు. ఎలా వస్తుంది! అలా ఎంతమందికి చూపించారో! ఏళ్ల తరబడి లేస్తున్న వేలు అది. ఆ వేలు ఒళ్లో పెట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చున్నారు. వీధిలో ఎవరో ఉప్పోయ్ ఉప్పని అరుచుకుంటూ వెళ్లారు.

"మీ మామ ఏ చేత్తో తింటున్నాడు?"

"అత్త తినిపిస్తోందండి. ఎడంచెయ్యి ఇంకా అలవాటు పడలేదు."

ఆవిడ లేచారు. లోపలికెళ్లి స్టూలొకటి, మేకులు పీకే సుత్తొకటి తెచ్చుకున్నారు. స్టూలు తలుపు దగ్గర వేసి, గోడ పట్టుకుని ఎక్కారు. డెబ్బై దాటిన మనిషి, స్టూలు ఊగుతోంది. సింహాద్రి పరుగున వెళ్లాడు.

"దిగండి మేడమ్, నేను పీకేస్తాను."

"స్టూలు పట్టుకో చాలు. కొట్టింది నేను."

మేకులు తుప్పుపట్టి ఓ పట్టాన ఊడలేదు. మొదటిది ఊడాక చెక్క ఒక పక్కకి వేలాడింది. రెండోదానికి ఆవిడకి చెమటలు పట్టాయి. ఊడిన చెక్కని సింహాద్రి చేతికివ్వలేదు. తనే చంకలో పెట్టుకుని దిగి, రాత గోడవైపు ఉండేలా మూలకి ఆనించారు. తలుపు మీద అది ఉన్నంత మేరా రంగు ఇంకా కొత్తగానే ఉంది.

ఆ స్టూలు మీదే కూర్చుని ఊపిరి తీసుకున్నారు.

"ఇప్పుడడుగు," అన్నారు.

రెండేళ్లుగా అడగని నోటితో అడిగాడు.

"మేడమ్... మొగమేట ఎక్కడుందండి?"

ఆవిడ లోపలిగదిలోకి వెళ్లారు. ఇనప్పెట్టె మూత చప్పుడైంది. అట్ట చిరిగిన పొడుగు నోట్‌బుక్కొకటి తెచ్చి వాడి ముందు తెరిచారు. పాతికేళ్ల కిందట ఏడాది పొడుగునా నెలకోసారి పడవెక్కి వెళ్లి, పడవవాళ్ల చేత గెడ వేయించి రాసుకున్న అంకెలు. వాటి కింద ఇరవై రెండు లైన్ల ప్రోగ్రాము. ఈ ముక్కని ఎక్కించిన కంప్యూటరు వేరు, అది ఎప్పుడో పాడైపోయింది. కాగితం మీద మాత్రం ఉంది. తేవడానికి నాలుగు నిమిషాలు పట్టలేదు.

సింహాద్రి టైపు చేశాడు. ఆవిడ పక్కన కూర్చుని, అంకె అంకె పైకి చదివారు. 'పోనీ' అనే మాట ఈసారి పెట్టలేదు. దొరక్కపోయినా ఫరవాలేదని లింకరుకి ఒకే ఒక్క పేరు రాసిచ్చారు, తేదీది. పేజీలో సున్నాలిచ్చే ఏర్పాటు వాడే తీసేశాడు. మీట నొక్కితే లింకరు ఏమీ అనకుండా మూట కట్టింది.

తిరగబడ్డ రోజు తేదీ, ఆ పొద్దుటి వేళ వేసి చూశాడు. రెండడుగులని వచ్చింది.

ఆ అంకె వంక చూస్తూ చూస్తూ వాడు బల్ల మీద తల పెట్టుకుని భోరుమన్నాడు. మంగతాయారు గారు ఊరుకోమనలేదు. వాడి వీపు మీద చెయ్యేసి కూర్చున్నారు.

"నువ్వడిగి అయిదు నెలలైందిరా," అన్నారు. "నేను ఇవాళ చెప్పాను."